నలుగురం కలిసి స్కేటింగ్ రింకుకు వెళ్లాలనుకుంటున్నాం: పిల్లల చేతులు పట్టుకుని నడిపించవచ్చా?

కవాడిగూడ అమ్మ అడిగారు:

అందరికీ నమస్కారం. మా ఇల్లు ఇందిరా పార్కుకు దగ్గర. సాయంత్రం నడకకు వెళ్లినప్పుడల్లా మా పిల్లలిద్దరూ స్కేటింగ్ రింకు దగ్గర ఆగిపోతున్నారు, అక్కడి నుంచి కదలరు. అమ్మాయికి తొమ్మిదేళ్లు, అబ్బాయికి ఐదు నిండాయి. శిక్షణలో చేర్చి పోటీలకు పంపే ఆలోచన మాకు లేదు. సెలవు రోజున నలుగురం కలిసి ఏదైనా రింకుకు వెళ్లి, హాయిగా ఓ గంట ఆడుకుని రావాలన్నదే కోరిక. నాకూ మావారికీ స్కేటింగ్ అసలు తెలియదు.

అబిడ్స్‌లో ఒక దుకాణంలో అడిగితే రెండు రకాలు చూపించారు. ఒకటి నాలుగు మూలలా చక్రాలుండేది, రెండోది చక్రాలన్నీ ఒకే వరుసలో ఉండేది. అమ్మాయి రెండోదే కావాలంటోంది. ఏది కొనాలి? హెల్మెట్, ప్యాడ్లు అన్నీ తప్పనిసరా? మా అత్తయ్యగారు కూడా వస్తానంటున్నారు కానీ, పిల్లలు పడితే ఎముకలు విరుగుతాయని ఆవిడకు బెంగ. అందుకని మావారు ఒక ఉపాయం చెప్పారు. తాను మామూలు బూట్లతోనే పక్కన నడుస్తూ పిల్లల చేతులు గట్టిగా పట్టుకుంటారట. అలా చేస్తే సరిపోతుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

చిక్కడపల్లి నుంచి ఒక తండ్రి:

మేం మా అమ్మాయికి నేరుగా ఇన్‌లైన్ స్కేట్లే, అంటే చక్రాలన్నీ ఒకే వరుసలో ఉండేవే కొన్నాం. నెల తిరిగేసరికి బాగానే తిరిగింది. తొమ్మిదేళ్ల పాపకు కష్టం కాదండీ. కాకపోతే బ్రేకు ఒక కాలికే, అదీ మడమ వెనక ఉంటుంది. దాన్ని వాడటం మొదటి రోజే నేర్పించాలి. బాబుకు మాత్రం నాలుగు మూలల చక్రాలవే తీసుకోండి.

రింకు గట్టు తాతయ్య:

అమ్మా, నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు మనవరాలి కోసం రోజూ సాయంత్రం రింకు గట్టు మీద కూర్చుంటాను. మీరు చివర్లో అడిగిన దానికి ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే మిగతావన్నీ దాని తర్వాతే. మీవారు పిల్లల చేతులు పట్టుకుని నడిపించడం దయచేసి వద్దు.

ప్రేమతోనే పట్టుకుంటారు, నాకు తెలుసు. కానీ అప్పుడు పిల్లవాడి ఒంట్లో ఏం జరుగుతుందో గమనించండి. పెద్దవాళ్లు చేయి పట్టుకుంటే అది భుజం కంటే పైకి లేస్తుంది. చేయి లేవగానే నడుము నిటారవుతుంది, మోకాళ్లు బిగుసుకుంటాయి, బరువంతా మడమల మీదికి పోతుంది. చక్రాల మీద ఉన్నవాడు వెనక్కి పడటానికి ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. కాళ్లు ముందుకు జారగానే వాడు తండ్రి చేతికి వేలాడతాడు. తండ్రి పట్టు వదలడు సరికదా, ఇంకా పైకి గుంజుతాడు. చిన్నపిల్లలను అలా ముంజేయి పట్టి గుంజితే మోచేతి దగ్గర ఎముక పట్టు తప్పుతుందని పిల్లల డాక్టర్లు ఎప్పుడూ హెచ్చరిస్తూనే ఉంటారు. అదృష్టం బాగుండి అలా జరగకపోయినా, ఇద్దరూ కలిసి కూలబడతారు, వెనక వేగంగా వస్తున్న పిల్లలు తప్పించుకోలేరు.

అలాగని వదిలేసి దూరంగా నిలబడమనడం లేదు. మీ ముంజేతిని బాబు నడుము ఎత్తున ముందుకు చాచి ఉంచండి, వాడే దాని మీద చేయి ఆనించుకుంటాడు. జారితే వాడి చేయి దానంతట అదే వదిలేస్తుంది, కింద కూర్చుండిపోతాడు. కూర్చున్నవాడికి పెద్ద దెబ్బ తగలదు. కొన్నాళ్లకు ఆ చేయి మీద బరువు తగ్గిపోవడం మీకే తెలుస్తుంది.

ఇక పడటం గురించి. నా మాట విని, మొదటి పాఠం రింకులో పెట్టకండి. ఇంట్లో చాప పరిచి గానీ, పార్కు పచ్చికలో గానీ పెట్టండి. గడ్డి మీద చక్రాలు దొర్లవు కాబట్టి భయం ఉండదు. స్కేట్లు, మోకాలి ప్యాడ్లు, మణికట్టు గార్డులు కట్టి పిల్లలిద్దరినీ నిలబెట్టండి. ‘తూలుతున్నట్టు అనిపించగానే మోకాళ్లు వంచు, చేతులు మోకాళ్ల మీద పెట్టు, కిందికి దిగిపో’ అని చెప్పండి. ముందు మోకాలి ప్యాడ్లు నేలకు తగలాలి, తర్వాత మణికట్టు గార్డుల ప్లాస్టిక్ పలకలు తగిలి ముందుకు జారాలి. అప్పుడు వేళ్లు నేలకు ఆనకుండా పైకి లేపి ఉంచాలి. ఇది మరిచిపోవద్దు, ఎందుకంటే రింకులో పరిచిన వేళ్ల మీదుగా పక్కవాళ్ల చక్రాలు వెళ్లే ప్రమాదం ఉంటుంది. వెనక్కి పడబోతే చేతులు వెనక ఆనించకూడదు, పక్కకు ఒరగాలి. ఈ ఆటలో ఎక్కువగా విరిగేది మణికట్టే. కారణం, పడేటప్పుడు అందరూ చేతులు చాచి ఆనించుకుంటారు కాబట్టి.

లేవడం కూడా నేర్పాలి. ముందు రెండు మోకాళ్ల మీదికి రావాలి. ఒక పాదం ముందు పెట్టి, రెండు చేతులూ ఆ మోకాలి మీద ఆనించి లేవాలి. ఇది వచ్చిన పిల్లవాడు ‘నాన్నా, లేపు’ అని ఏడవడు. పడి లేవడం ఆటలో భాగమని తెలిసిన పిల్లల ముఖాలు చూస్తే మీకే ధైర్యం వస్తుంది. మీ అత్తగారికి కూడా ఇది దగ్గర కూర్చోబెట్టి చూపించండి. నాలుగుసార్లు మనవడు కావాలని పడి నవ్వుతూ లేస్తే ఆవిడ బెంగ సగం తీరిపోతుంది.

నడక సంగతి తేలిక. మడమలు దగ్గర, వేళ్లు దూరం, మోకాళ్లు కొంచెం వంచి బాతులా అడుగులు వేయించండి. అడుగు వేస్తూ ఉంటే దొర్లడం దానంతట అదే వస్తుంది. చూపు పాదాల మీద కాకుండా ఎదురుగా ఉండాలి.

స్కేట్ల విషయంలో పై సోదరుడితో సగం ఏకీభవిస్తాను. పాపకు ఇన్‌లైన్ రాదని కాదు. కానీ మీరు నలుగురూ ఒకేసారి మొదలుపెడుతున్నారు, అందరికీ క్వాడ్స్, అంటే నాలుగు మూలల చక్రాలవి అయితే ఒకరిని చూసి ఒకరు నేర్చుకోవచ్చు. దుకాణంలో క్వాడ్ చేతిలోకి తీసుకుని చక్రాల ఇరుసును పక్కకు వంచి చూడండి. రబ్బరు దిమ్మ మీద అది కొద్దిగా వంగాలి. ఆ వంపు వల్లే ఒంటి బరువు ఎటు వేస్తే స్కేటు అటు తిరుగుతుంది. 1863లో న్యూయార్క్‌లో జేమ్స్ ప్లింప్టన్ ఈ ఏర్పాటుకు పేటెంట్ తీసుకున్నారు. అంతకు ముందు స్కేట్లు తిన్నగా పోయేవి, తిప్పడం గగనంగా ఉండేది. పిల్లల కోసం అమ్మే చవక స్కేట్లలో ఇరుసు బిగదీసి ఉంటుంది, అస్సలు వంగదు. అది కొనకండి.

తర్వాత చక్రాన్ని గోటితో నొక్కండి. పాలీయురేథేన్ (రబ్బరులాంటి ప్లాస్టిక్) చక్రమైతే కొంచెం పట్టు తెలుస్తుంది. గట్టి ప్లాస్టిక్ అయితే నున్నగా జారుతుంది, నేల మీద కొడితే టకటకమంటుంది. నున్నటి రింకులో అలాంటి చక్రాలు మలుపు దగ్గర నిలవవు. చక్రం మీద 82ఏ, 85ఏ వంటి అంకె కనిపిస్తే అది గట్టిదనం, అంకె తగ్గేకొద్దీ మెత్తన. సిమెంటు రింకుకు మెత్తనిదే మంచిది. పిల్లలకు సైజు మార్చుకునే వీలున్న స్కేట్లు తీసుకుంటే పాదం పెరిగినా కొంతకాలం పనికొస్తాయి. మీరిద్దరూ మాత్రం వెంటనే కొనొద్దు. తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకోండి, లేదా అద్దెకిచ్చే రింకు చూసుకోండి.

బూటు తొడిగాక మడమను నేలకేసి వెనక్కి తట్టి, అప్పుడు లేసులు కట్టాలి. వేళ్ల దగ్గర వదులుగా, చీలమండ దగ్గర బిగుతుగా ఉండాలి. పిల్లల కాళ్లు లోపలికి ఒరిగిపోతున్నాయంటే చాలాసార్లు కారణం లేసు వదులుగా ఉండటమే, వాళ్లకు చేతకాక కాదు.

ఖర్చు తగ్గించుకోవాలంటే స్కేట్లలో తగ్గించుకోండి, రక్షణలో వద్దు. హెల్మెట్, మణికట్టు గార్డులు, మోకాలి ప్యాడ్లు, మోచేతి ప్యాడ్లు పెద్దలకు కూడా ఉండాలి. సరిగ్గా సరిపోయే సైకిల్ హెల్మెట్ ఉంటే అదే వాడవచ్చు. మోటారు సైకిల్ హెల్మెట్ పిల్లల మెడకు బరువు, వద్దు.

డల్లాస్ తమ్ముడు:

పై పెద్దాయన చెప్పినవన్నీ అక్షరాలా నిజం. మేం అమెరికాలో ఉంటాం. ఇక్కడ రింకులు కప్పు కింద ఉంటాయి, నేల చాలాచోట్ల మేపుల్ చెక్క. స్కేట్లు అక్కడే అద్దెకిస్తారు, ఎక్కువగా గోధుమరంగు బూట్లకు నారింజ చక్రాలు. సైజు చెబితే కౌంటర్ మీద పెట్టేస్తారు. చేతిలోకి తీసుకోగానే ప్రతి చక్రాన్నీ వేలితో ఒకసారి తిప్పి చూసుకోండి. ఒకటి బిగుసుకుపోయి ఉంటే మొహమాటపడకుండా మార్చమని అడగండి. పొడవాటి సాక్సులు వేసుకెళ్లండి, లేకపోతే బూటు అంచు ఒరుసుకుంటుంది.

ఇక్కడ చిన్నపిల్లలకు ప్లాస్టిక్ గొట్టాలతో చేసి చక్రాలు బిగించిన ఊతం ఇస్తారు, వృద్ధులు పట్టుకునే వాకర్ ఎత్తు తగ్గించి చేసినట్టు ఉంటుంది. మా బాబు మొదట్లో దాన్ని వదిలేవాడు కాదు. అది ఉంటే తల్లిదండ్రులు చేయి పట్టుకోవాల్సిన పని లేదు.

ఒక్క విషయం మనసులో పెట్టుకోండి అక్కా. ఇక్కడ మనవాళ్లు చాలామంది పిల్లలను లోపలికి పంపి, తాము బల్లల దగ్గర ఫోన్లు చూస్తూ కూర్చుంటారు. నాకు అది నచ్చదు. నేను స్కేట్లు కట్టుకుని గోడ పట్టుకుని తడబడుతూ వెళ్తుంటే, మా అమ్మాయి పక్కకు వచ్చి ‘మోకాళ్లు వంచు నాన్నా’ అని చెబుతుంది. తండ్రికి ఏదైనా నేర్పే అవకాశం దానికి ఇంకెక్కడ దొరుకుతుంది? మీరూ బావగారూ తప్పకుండా కట్టుకోండి.

కవాడిగూడ అమ్మ:

అందరికీ చాలా కృతజ్ఞతలు. మావారికి ఇదంతా చదివి వినిపించాను. ముంజేయి చాచి ఉంచే పద్ధతి ఆయనకు బాగా నచ్చింది. తాతయ్యగారూ, ఇంకో మూడు సందేహాలు. రింకులో శిక్షణ పిల్లలు చాలా వేగంగా తిరుగుతుంటారు. మేం వెళ్తే వాళ్లకు అడ్డం కాదా? నేను చుడీదార్‌తో వెళ్లవచ్చా? వానాకాలం వస్తోంది కదా, అప్పుడు ఎలా?

రింకు గట్టు తాతయ్య:

మంచి ప్రశ్నలమ్మా. మన దగ్గర మున్సిపల్ రింకుల్లో ఉదయం, సాయంత్రం శిక్షణే ఎక్కువ. అందుకని ముందు రోజే వెళ్లి అక్కడి కోచ్‌ను కలిసి, ‘మేం కుటుంబంగా నేర్చుకోవాలనుకుంటున్నాం, ఖాళీ వేళ ఏది?’ అని అడగండి. రుసుము, సమయాలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. లోపలికి వెళ్లాక అందరూ అపసవ్య దిశలోనే తిరుగుతారు, మీరూ అటే తిరగాలి. వేగంగా పోయేవాళ్లు లోపలి గీత వైపు పోతారు, మీరు రైలింగ్ పక్కనే ఉండండి. బయటికి రావాలంటే రింకు మధ్య నుంచి అడ్డంగా దాటొద్దు, చుట్టూ తిరిగే రండి. బాబుకు ఈ ఒక్క నియమం బాగా బోధించండి, ఎందుకంటే చిన్నపిల్లలు అమ్మ కనబడగానే అడ్డంగా వచ్చేస్తారు. కాబట్టి మీ అత్తగారిని ద్వారం పక్కనే కూర్చోబెట్టండి, ఎదురుగా వద్దు.

చుడీదార్ ఫరవాలేదు, చున్నీ మాత్రం తీసి సంచిలో పెట్టండి. అంచు చక్రాల్లో చుట్టుకుంటే మెడకు బిగుసుకుంటుంది. వెనక జేబులో ఫోను ఉంచుకోవద్దు. నీళ్ల సీసా కూడా రింకు బయటే ఉంచండి, నేల మీద నాలుగు చుక్కలు పడ్డా జారిపోతారు.

వాన పడితే ఆ రోజుకు మానుకోండి. పైకి ఆరినట్టు కనిపించినా సిమెంటు పగుళ్లలో తడి ఉంటుంది. స్కేట్లు తడిస్తే ఇంటికి రాగానే పొడిగుడ్డతో తుడిచి, చక్రాలు విప్పి గాలికి ఆరబెట్టి, బేరింగుల్లో చుక్క నూనె వేయండి. తడిగా అలాగే సంచిలో పెడితే వాటికి తుప్పు పడుతుంది, చక్రం కిర్రుమంటుంది. ఎండాకాలంలో పొద్దు వాలాకే వెళ్లండి, మధ్యాహ్నం కాగిన నేల మీద పడితే చర్మం చీరుకుపోవడమే కాక మండుతుంది.

పోటీలు వద్దన్నారు, మంచిదే. అయినా పిల్లలకు ఒక పేరు చెప్పండి. మన హైదరాబాద్ స్కేటర్ అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో (చక్రాల మీద విన్యాసాలు చేసే పోటీ) రెండు కాంస్యాలు సాధించాడు. ఒకటి సింగిల్స్‌లో, రెండోది అవనీ పంచాల్‌తో జంటగా. 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. ఇదే ఊళ్లో పుట్టిన ఆట అని కాదు గానీ, ఈ ఊరి పిల్లవాడు అంత ఎత్తుకు వెళ్లాడని తెలిస్తే వాళ్లు స్కేట్లు కట్టుకునే తీరే మారుతుంది.

మొదటి రోజు గంట అనుకున్నారు కదా, అరగంట చాలు. అలసిన కాళ్లతోనే ఎక్కువగా పడతారు. పిల్లలు ‘ఇంకాసేపు’ అని అడుగుతుండగానే లేసులు విప్పించండి.