చెన్నైలో ఉండి బేస్‌బాల్ ఫాలో అయ్యేవాళ్లు ఉన్నారా? రాత్రి నిద్ర పోకుండా కుదురుతుందా?

పెరుంగుడి_హరి:

నమస్తే అండీ. మాది నెల్లూరు, ఉద్యోగం ఓఎంఆర్‌లో. 2025 అక్టోబర్‌లో ఆఫీసులో ఒకతను ఫోన్లో వరల్డ్ సిరీస్, అంటే అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ ఫైనల్స్, చూస్తుంటే పక్కన చేరాను. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్, టొరంటో మూడో మ్యాచ్. తెల్లారకముందే మొదలైందట, మేం పదకొండింటికి టీకి వెళ్లొచ్చినా అవలేదు. డాడ్జర్స్ స్టార్ బ్యాటర్ ఒహ్తానిని ఔట్ చేసే ప్రయత్నం మానేసి ఊరికే ఫస్ట్ బేస్‌కి పంపించేస్తున్నారు. అది చూశాక నాకు పిచ్చి పట్టుకుంది.

ఈ సీజన్ మొదటి నుంచీ ఫాలో అవుదామని కోరిక. కానీ చాలా మ్యాచ్‌లు మనకి తెల్లవారుజామున నాలుగున్నరకి. తొమ్మిదింటికి నాకు మీటింగ్. రూమ్మేట్లిద్దరూ ఐపీఎల్ బ్యాచ్, సాయంత్రమైతే టీవీ దొరకదు. రేడియోలో వినమని ఒకరన్నారు. సగమే తెలిసిన ఆట, పైగా కంటికి కనపడకపోతే ఏం అర్థమవుతుంది? నిజంగా వినేవాళ్లు, చూసేవాళ్లు చెప్పండి. గూగుల్ చేసి చెప్పేవాళ్లు వద్దు.

ఎడమచేతి_వాటం:

రేడియో జోలికి పోవద్దు బ్రదర్. వీడియో చందా కట్టి, రాత్రి హాయిగా పడుకుని, పొద్దున స్కోరు కంటపడకముందే హైలైట్స్ చూసెయ్. పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. నేను అన్నానగర్ మెట్రోలో చూసేస్తా.

గూడూరు_పద్మ:

హరీ, నేను చాలా ఏళ్లుగా వింటున్నాను. ఉండేది వెస్ట్ మాంబళం. ఈవిడకెందుకీ గోల అనుకోకుండా ముందు ఇది నాకెలా అంటుకుందో చెప్తాను. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ జోరుగా ఉన్న రోజుల్లో టీనగర్‌లో ఒకచోట పనిచేసేదాన్ని. అమెరికా డాక్టర్లు రికార్డు చేసి పంపింది విని టైపు చేయడం పని. పిట్స్‌బర్గ్ వైపు గుండె డాక్టరు ఒకాయన ఉండేవాడు. ఆయన వాల్వు, జఠరిక అని గొణుగుతుంటే వెనకాల రేడియో మోగేది. ఒక్కోసారి వాక్యం మధ్యలో ఆగిపోయేవాడు. వెనక జనం కేకలు, తర్వాత ఈయన నిట్టూర్పు, మళ్లీ వాల్వు. ఆ నిట్టూర్పు ఎందుకో తెలుసుకోవాలని మొదలుపెట్టాను. పిట్స్‌బర్గ్ జట్టు పైరేట్స్ అభిమానులకి నిట్టూర్పులు ఎక్కువేలే. వాళ్లు వరల్డ్ సిరీస్ ఆఖరిసారి గెలిచింది 1979లో.

ఇప్పుడా ఉద్యోగం లేదు, ఇంట్లో పిల్లలకి ట్యూషన్ చెప్తాను. ఎనిమిదిన్నరకి వాళ్లు వెళ్తారు. భోజనాలు, గిన్నెలు అయ్యేసరికి పది. ఆట సరిగ్గా అప్పుడు మొదలవుతుంది. ఎలాగంటావా? ముందు జట్టుని కాదు, టైముని చూసుకోవాలి. సీజన్‌లో మనకీ అమెరికా తూర్పు తీరానికీ తొమ్మిదిన్నర గంటల తేడా. అక్కడ రాత్రి ఏడు గంటల మ్యాచ్ మనకి అక్కర్లేదు, వదిలెయ్. పగటి మ్యాచ్‌లు బోలెడున్నాయి. ఆదివారం దాదాపు అందరూ మధ్యాహ్నమే ఆడతారు. వారం మధ్యలో కూడా సిరీస్ ఆఖరి రోజు, అంటే బుధవారమో గురువారమో, ఆట అవగానే జట్టు విమానమెక్కాలి కాబట్టి చాలాసార్లు పగలే పెడతారు. పిట్స్‌బర్గ్‌లో 12.35కి మొదలైతే మనకి రాత్రి 10.05. ఆదివారం 1.35 అంటే మనకి 11.05. చికాగో గడియారం ఇంకో గంట వెనక, కాబట్టి కబ్స్ 1.20కి ఆడితే మనకి 11.50. బోస్టన్‌లో ఏప్రిల్ మూడో సోమవారం, మారథాన్ జరిగే రోజున, పదకొండు దాటగానే మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆ ఒక్క మ్యాచ్ నాకు అన్నాల వేళకే వస్తుంది.

లాస్ ఏంజెలెస్ సంగతి వేరు. వాళ్ల రాత్రి మ్యాచ్ 7.10కి మొదలైతే మనకి మర్నాడు పొద్దున 7.40. ఓఎంఆర్ ట్రాఫిక్‌లో ఇరుక్కునే నీలాంటి వాళ్ల కోసమే పెట్టినట్టుంటుంది.

నిద్ర సంగతంటావా, 2023లో పిచ్ క్లాక్ వచ్చాక చాలా నయం. బేసుల మీద ఎవరూ లేకపోతే పిచ్చర్‌కి, అంటే బంతి వేసేవాడికి, 15 సెకన్లే గడువు. అంతకుముందు ఏడాది సగటు మ్యాచ్ 3 గంటల 4 నిమిషాలుండేది, ఆ ఏడాది 2 గంటల 40 నిమిషాలకి దిగింది. పది దాటాక మొదలైంది ఒంటిగంట లోపు అయిపోతోంది. నాకున్న కంప్లయింట్ ఒక్కటే, కామెంటేటర్లకి పిట్టకథలు చెప్పే తీరిక తగ్గింది.

ఇక రేడియో. వీడియో చందా కంటే ఆడియో చందా చాలా తక్కువ. రెండు జట్ల రేడియోలూ వస్తాయి, హోమ్ టీమ్‌ది పెట్టుకో. ఫోన్లో స్కోరు నోటిఫికేషన్లు మాత్రం ఆపెయ్. ఆడియో మనదాకా వచ్చేసరికి కాస్త ఆలస్యమవుతుంది. బంతి ఇంకా పిచ్చర్ చేతిలోనే ఉందని చెవిలో చెప్తుంటే, హోమ్ రన్ అని ఫోను టింగుమంటుంది. అంతకంటే చిరాకు ఇంకోటి లేదు.

కంటికి కనపడకపోతే ఎలా అన్నావు. రేడియోలో మొదటిసారి మేజర్ లీగ్ మ్యాచ్ వినిపించింది 1921 ఆగస్టు 5న, మా పిట్స్‌బర్గ్‌లోనే, కేడీకేఏ స్టేషన్ నుంచి. అప్పట్నుంచీ వాళ్ల పనే వినేవాడికి ఆట చూపించడం. రెడ్ బార్బర్ అనే పాతకాలం కామెంటేటర్ మూడు నిమిషాల ఇసుక గడియారం ముందు పెట్టుకునేవాడు. ఇసుక జారిపోయినప్పుడల్లా స్కోరు చెప్పి గడియారం తిప్పేవాడు, అప్పుడే రేడియో పెట్టినవాడి కోసం. నువ్వు మొదట్లో ఒక్క కౌంట్ పట్టుకో చాలు. బాల్స్ (గురి తప్పిన బంతులు, నాలుగైతే బ్యాటర్ ఫస్ట్ బేస్‌కి నడుస్తాడు) ముందు చెప్తారు, స్ట్రైక్స్ (మూడైతే ఔట్) తర్వాత. త్రీ అండ్ టూ అన్నారంటే తర్వాతి బంతికి ఏదో ఒకటి తేలాలి. కానీ బ్యాటర్ ఫౌల్ (గీత బయటికి) కొట్టి, దాన్ని ఎవరూ పట్టకపోతే ఔట్ కాడు, కౌంట్ అక్కడే ఉంటుంది, మళ్లీ వేయాలి. ఒక్కోడు అలా వరసగా కొడుతూనే ఉంటాడు. అప్పుడు కామెంటేటర్ గొంతు మెల్లగా బిగుసుకుంటుంది చూడు, ఆ టెన్షన్ వీడియోలో రాదు.

శ్రీపెరుంబుదూర్_శ్రీను:

సాయంత్రంలోపు అయిపోవాలంటే జపాన్ లీగ్ ఉందిగా? మా ఫ్యాక్టరీలో జపాన్ వాళ్లు ఎక్కువ, నాకు వాళ్ల వల్లే అలవాటైంది. అక్కడ ఆరింటికి మొదలైతే మనకి మధ్యాహ్నం 2.30, ఐదున్నర ఆరుకి అయిపోతుంది. రేడియో మాత్రం కష్టం. వాళ్ల రేడియో యాప్ రాడికో జపాన్ బయట పనిచేయదు, పనిచేసినా నాకు జపనీస్ రాదు.

ఎడమచేతి_వాటం:

పద్మ గారూ, టెన్షన్ సరే. షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేసుల మధ్య ఫీల్డర్) ఎక్కడ నిలబడ్డాడో, స్లైడర్ (పక్కకి తిరిగే బంతి) ఎంత తిరిగిందో చెవితో ఎలా చూస్తారు? సగం ఆట పోయినట్టే కదా.

గూడూరు_పద్మ:

స్లైడర్ తిరగడం కనపడదు, ఒప్పుకుంటాను. అయితే ఒక సంగతి. 1958లో డాడ్జర్స్ లాస్ ఏంజెలెస్‌కి వచ్చిన కొత్తలో పెద్ద కొలీజియంలో ఆడేవారు. దూరపు సీట్ల వాళ్లకి ఆట సరిగా కనపడేది కాదు. అందుకని మన చేపాక్ గ్యాలరీల్లో లాగే ట్రాన్సిస్టర్లు తెచ్చుకుని, ఎదురుగా జరుగుతున్న ఆటనే కామెంటేటర్ విన్ స్కల్లీ గొంతులో వినేవారు. ఆయన 1950 నుంచి 2016 దాకా అదే జట్టుకి చెప్పాడు. గ్రౌండులో కూర్చున్నవాడికే రేడియో కావాల్సి వచ్చిందంటే, వెస్ట్ మాంబళంలో ఉన్న నాకేం తక్కువ?

హరి చూసిన ఆ మూడో మ్యాచ్ నేను మొత్తం విన్నాను. అక్టోబర్ 28, మొంథా తుఫాను కాకినాడ వైపు వస్తున్న రోజు. మా ఆడపడుచు వాళ్లుండేది అక్కడే. మా అత్తగారు పొద్దున్నుంచీ టీవీలో తుఫాను వార్తలు తప్ప ఏదీ పెట్టనివ్వలేదు, పెట్టమనే ధైర్యం నాకూ లేదు. వీడియో చూసే రకమైతే ఆ మ్యాచ్ నాకు లేనట్టే. ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నాను. మొదలైంది ఆరింటి లోపే, అయింది పన్నెండు దాటాక. మామూలుగా తొమ్మిదుండాల్సింది పద్దెనిమిది ఇన్నింగ్స్. ఒహ్తాని తొమ్మిదిసార్లు బేస్ మీదికి వచ్చాడు, అందులో నాలుగుసార్లు కావాలనే నడిపించారు. 2017 నుంచి దానికి బంతులు వేయక్కర్లేదు, డగౌట్ నుంచి చెయ్యి ఊపితే చాలు, కాబట్టి రేడియోలో ఆ మాట వినపడేలోపే మనిషి ఫస్ట్ బేస్‌లో ఉంటాడు. చివర్లో డాడ్జర్స్‌కి విల్ క్లైన్ అని ఎవరూ లెక్కలో పెట్టని కుర్రాడు నాలుగు ఇన్నింగ్స్ పరుగివ్వకుండా వేశాడు. డాడ్జర్స్ బ్యాటర్ ఫ్రీమన్ గెలుపు హోమ్ రన్ కొట్టేసరికి నేను అరిచిన అరుపుకి అత్తగారు తుఫాను తీరం దాటేసిందనుకుని దణ్ణం పెట్టారు. అసలుది దాటింది ఆ రాత్రికి. ఆడపడుచు వాళ్లు క్షేమం.

పెరుంగుడి_హరి:

అక్కా, సూపర్. ఈ ఆదివారం ట్రై చేస్తా. స్కోరు పుస్తకంలో రాసుకుంటూ వింటే బాగా ఎక్కుతుందని చదివాను, మీరు రాస్తారా? మొదట ఎవరి మ్యాచ్ వినమంటారు?

గూడూరు_పద్మ:

రాస్తాను, నా దగ్గర ట్యూషన్ పిల్లల పొడుగు రూళ్ల నోట్‌బుక్కులకి కొదవ లేదు. అడ్డంగా తిప్పి, బ్యాటర్లకి తొమ్మిది వరసలు, ఇన్నింగ్స్‌కి పన్నెండు నిలువు గళ్లు గీస్తాను. తొమ్మిది చాలు, మిగతా మూడూ ఎక్స్‌ట్రాల భయానికి. ఆ పద్దెనిమిది ఇన్నింగ్స్ రోజున అవీ చాలక కరెంటు బిల్లు వెనక రాసి పిన్ను కొట్టాను. ఫీల్డర్లకి నంబర్లుంటాయి: పిచ్చర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ 4, థర్డ్ 5, షార్ట్‌స్టాప్ 6, తర్వాత లెఫ్ట్ నుంచి రైట్‌కి 7, 8, 9. బంతి షార్ట్‌స్టాప్‌కి వెళ్లి, సెకండ్‌కి, అక్కణ్నుంచి ఫస్ట్‌కి వెళ్లి ఇద్దరు ఔటైతే 6-4-3. స్ట్రైకౌట్‌కి కే అక్షరం. బ్యాట్ ఊపకుండా చూస్తూ నిలబడి ఔటైతే ఆ కేని తిరగేసి రాయాలి. నెల తర్వాత తిరగేసిన కే కనపడితే ఆ బ్యాటర్ బిక్కమొహం మళ్లీ గుర్తొస్తుంది.

ఎవరిది వినాలంటే, నన్నడిగావు కాబట్టి పైరేట్స్ పిచ్చర్ పాల్ స్కీన్స్ వేసే రోజు చూసుకో. ఐదారు రోజులకొకసారి వస్తాడు. 2025లో ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున తన ఖాతాలో పడ్డ పరుగులు) 1.97, ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఏకగ్రీవంగా ఇచ్చారు. గెలుపోటములు మాత్రం 10-10. ఆయన ఆపుతాడు, మావాళ్లు కొట్టరు. డాక్టరుగారి నిట్టూర్పు నీకూ అర్థమవుతుంది.

ఇంకో విషయం, ఇది రాసుకునే అలవాటున్న వాళ్లందరికీ. 2026 నుంచి అంపైర్ చెప్పిన బాల్, స్ట్రైక్‌ని ఛాలెంజ్ చేయొచ్చు. జట్టుకి రెండు, నెగ్గితే పోవు. బ్యాటరో పిచ్చరో క్యాచరో టోపీ తట్టి అడగాలి. తీర్పు తిరగబడితే కౌంట్ మారిపోతుంది, నేను రాసింది కొట్టేసి మళ్లీ రాయాలి. గళ్లో దీనికి ఏ గుర్తు పెడుతున్నారు మీరంతా? నేను మూలన చుక్క పెడదామనుకుంటున్నా కానీ ఆర్‌బీఐకి (బ్యాటర్ కొట్టి రాబట్టిన పరుగుకి) ఇప్పటికే చుక్క వాడేశాను.