టేపు తీస్తే రంగు కూడా లేచి వచ్చింది: 1/72 హరికేన్‌కి మాస్కింగ్ ఎలా?

బ్రాడీపేట, గుంటూరు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఇది నా రెండో ప్లాస్టిక్ మోడల్. ఎయిర్‌ఫిక్స్ కంపెనీ వాళ్ల 1/72 (అసలు దానిలో 72వ వంతు సైజు) హాకర్ హరికేన్ మార్క్ 1, రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ విమానం. అడుగున స్కై (లేత ఆకుపచ్చ), పైన డార్క్ ఎర్త్ (మట్టి రంగు), రెండూ వల్లెహో కంపెనీ మోడల్ ఎయిర్ రంగులు, ఎయిర్‌బ్రష్‌తోనే కొట్టాను. ప్రైమర్ వేయలేదు. మర్నాడు డార్క్ గ్రీన్ కోసం బండ్ల పెయింటింగ్‌కి వాడే గోధుమ రంగు మాస్కింగ్ టేపు అంటించాను. టేపు లాగేసరికి ఎడమ రెక్క మీద బొటనవేలి గోరంత మేర రంగు దానితోనే వచ్చేసి, కింద ప్లాస్టిక్ కనిపిస్తోంది. లేవని చోటేమో పచ్చరంగు టేపు కిందకి పాకి, అంచు రంపం పళ్లలా తయారైంది. మొత్తం గీకి మళ్లీ మొదలుపెట్టాలా? కానోపీ (పైలట్ మీది అద్దాల మూత) ఇంకా ముట్టుకోలేదు. అన్ని గళ్లు చూస్తేనే టెన్షన్‌గా ఉంది.

ఆటోనగర్ షెడ్డు, విజయవాడ

తమ్ముడూ, మాది డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు. విమానాల సంగతి నాకు తెలియదు గానీ రంగు లేచిందంటే ఎక్కడైనా ఒకటే జబ్బు, కింద పట్టు లేదు. కారు డోరుకైనా లప్పం పెట్టి, వాటర్ పేపర్ కొట్టి, ప్రైమర్ వేశాకే రంగు జోలికి వెళ్తాం. ఎన్.సి. థిన్నర్‌తో శుభ్రంగా తుడిచి ప్రైమర్ కొట్టు. టేపు కాదు గదా, దాని తాత వచ్చినా లేవదు.

సత్యనారాయణపురం, విజయవాడ

అన్నా, పట్టు గురించి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. థిన్నర్ మాట మాత్రం వెనక్కి తీసుకోండి! రేకుకి ఏమీ కాదు గానీ ఈ కిట్లు పాలీస్టైరీన్. ఎన్.సి. థిన్నర్ తగిలిందంటే పైన ఉన్న సన్న గీతలన్నీ కరిగి ముద్దవుతాయి. గోళ్ల రంగు తీసే అసిటోన్ కూడా అంతే. బ్రాడీపేట తమ్ముడూ, ఆ రెండూ ఇంట్లో ఉంటే ఈ బల్ల దరిదాపుల్లోకి రానివ్వకు.

మొత్తం గీకక్కర్లేదు. వల్లెహో నీళ్ల రంగు. ఆరాక ప్లాస్టిక్ మీద సన్నని పొరలా కూర్చుంటుంది తప్ప దానిలోకి దిగదు. పైగా నీది ప్రైమర్ లేని ప్లాస్టిక్, దాని మీద బండ్ల టేపు. ఆ టేపు గమ్ము మన ఎండకి ఇంకా గట్టిగా పట్టేస్తుంది. లేచిన చోటు రెండు రోజులు అలాగే వదిలెయ్. తొందరపడి రుద్దితే అంచు చుట్టుకుని ఇంకొంచెం లేస్తుంది. బాగా ఆరాక 2000 నంబరు వాటర్ పేపర్ తడిపి, వేలి చివరతో, రంగున్న వైపు నుంచి ప్లాస్టిక్ వైపుకి మెల్లగా రుద్దు. గోరుతో తడిమితే మెట్టు తగలకూడదు. తర్వాత ఆ మచ్చకి మాత్రం ప్రైమర్, దాని మీద పల్చగా రెండు మూడు పూతలు డార్క్ ఎర్త్.

ప్రైమర్ ఏదైనా ముందు స్ప్రూ (కిట్ భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) ముక్క మీద కొట్టి చూడు. బండ్ల ప్రైమర్ డబ్బాల్లో కొన్ని ప్లాస్టిక్‌ని తినేస్తాయి. తర్వాతి కిట్‌కైతే విడి భాగాలన్నీ గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి ఆరబెట్టు. అచ్చులోంచి తీయడానికి పూసిన జిడ్డు దాని మీద ఉండొచ్చు. మన చెమట చేతులు సరేసరి. మిరపకాయ బజ్జీ తిని వచ్చి రెక్క పట్టుకునే మహానుభావులూ ఉన్నారు, మా ఇంట్లోనే ఒకడు.

ఇక అంచు. పసుపు రంగు టామియా టేపు తెప్పించుకో, 6, 10, 18 మిల్లీమీటర్ల వెడల్పుల్లో వస్తుంది. ఖరీదే, కానీ అంచు దగ్గర మాత్రం అదే వాడు. మిగతా మేరంతా పేపరుతో, మామూలు టేపుతో కప్పేయొచ్చు. రోల్ పక్కనున్న అంచుకి దుమ్ము పట్టి ఉంటుంది కాబట్టి గాజు పలక మీద పరిచి కొత్త అంచు కోసుకోవాలి. అంటించాక టూత్‌పిక్‌తో అంచంతా నొక్కు. ముఖ్యంగా టేపు ప్యానెల్ గీతని దాటే చోట. రంగు పాకేది ఆ గాడి లోంచే.

అసలు కిటుకు ఇదీ. టేపు వేశాక నేరుగా పచ్చరంగు కొట్టకు. కింద ఉన్న డార్క్ ఎర్త్‌నే ఒక పల్చటి పూత టేపు అంచు మీదుగా కొట్టు. పాకేదేదో ఆ రంగే పాకుతుంది, అది కంటికి కనపడదు, సందులు మూసుకుపోతాయి. ఆరాక పచ్చరంగు. ఎప్పుడూ టేపు మీది నుంచి గానీ నిలువుగా గానీ కొట్టాలి, అంచు కిందకి దూరేట్టు ఎదురు కొట్టకూడదు. పచ్చరంగు చేతికి అంటనంత ఆరగానే టేపు తీసెయ్. తీసేటప్పుడు పైకి లాగకు. దాని మీదికే మడిచి, ఉపరితలానికి ఆనించి, నిదానంగా వెనక్కి తీయాలి.

బ్రాడీపేట

ధన్యవాదాలు అన్నా. ఒక సందేహం. రంగుల మధ్య అంచు గీత గీసినట్టు ఉండాలా, కాస్త మసకగా ఉండాలా? వీడియోల్లో అందరూ బ్లూ ట్యాక్‌ని (పిండిలా మెత్తగా అంటుకునే ముద్ద) తాడులా చేసి టేపు బదులు పెడుతున్నారు.

సత్యనారాయణపురం

లెక్క వేసుకో. అసలు విమానం మీద మసక అంచు ఒక అంగుళం ఉందనుకుందాం. 1/72లో అది 0.35 మిల్లీమీటర్లు. నువ్వు తాడు పెట్టి ఒక మిల్లీమీటరు మసక తెచ్చావంటే అసలు విమానం మీద దాదాపు మూడంగుళాలన్న మాట. హరికేన్‌కి అంత ఉండదు. 1/48, 1/32 అయితే తాడు బాగుంటుంది, ఈ సైజుకి నా ఓటు టేపుకే. తాడే కావాలంటే రెండు మిల్లీమీటర్ల కన్నా లావు చేయకు, పని అవగానే తీసెయ్. మే నెలలో మన గదుల్లో అది మెత్తబడి సాగుతుంది, నూనె మరకలు కూడా పెడుతుంది.

నమూనా గీయడానికి సులువైన దారి ఉంది. హరికేన్ రెక్కల పొడవు 40 అడుగులు, 1/72లో 16.9 సెంటీమీటర్లు. కిట్ కాగితంలో విమానాన్ని పై నుంచి చూపే బొమ్మని ఏ జిరాక్స్ షాపులోనైనా రెక్కలు సరిగ్గా అంత వచ్చేలా పెంచమను. పచ్చ ముక్కలు కత్తిరించి తీసేసి మిగిలిన కాగితాన్నే గురుతుగా వాడుకో. A, B అని రెండు నమూనాలుంటాయి, ఒకటి ఇంకోదానికి అద్దంలో బింబం. నువ్వు చేసే విమానానిది ఏదో డెకల్ (విమానం మీద అతికించే గుర్తుల స్టిక్కర్లు) కాగితంలో చూసుకున్నాకే కత్తెర పట్టు.

అరండల్‌పేట, గుంటూరు

ఎలాగూ రెక్క మళ్లీ రంగు వేస్తున్నావు కదా, అర్జన్ సింగ్ గారి విమానంలా చేయరాదూ? 1944లో ఇంఫాల్ దగ్గర ఆయన నంబర్ 1 స్క్వాడ్రన్ కమాండరు, నడిపింది హరికేన్లే.

సత్యనారాయణపురం

బాబాయ్, ఆలోచన బాగుంది గానీ కిట్ ఒప్పుకోదు. వాళ్లవి మార్క్ 2 రకాలు. ఇది ఎనిమిది మెషిన్‌గన్ల మార్క్ 1. గుర్తులూ వేరే. జపాన్ వాళ్ల ఎర్ర సూర్యుడితో పొరబడకుండా బర్మా వైపు విమానాలకి రౌండెల్‌లో, అంటే రెక్కల మీది గుండ్రటి గుర్తులో, ఎరుపు తీసేశారు. దానికి ఇంకో కిట్ కొనాల్సిందే. తమ్ముడిది ముందు ఇది ఒడ్డెక్కనీ.

లక్ష్మీపురం, గుంటూరు

కానోపీ సంగతి ఎవరూ చెప్పలేదు. నేను దంతవైద్యురాలిని, సన్నటి పని నాకు అలవాటు. తమ్ముడూ, 11 నంబరు సర్జికల్ బ్లేడు, 3 నంబరు హ్యాండిల్ తెచ్చుకో. కొత్తపేటలో సర్జికల్ షాపుల్లో అడిగితే ఇస్తారు. కానోపీ మొత్తం మీద టామియా టేపు వేసి, టూత్‌పిక్‌తో ఫ్రేముల పక్కన నొక్కుతూ వెళ్తే గీతలు టేపులోంచి తేలి కనిపిస్తాయి. టేబుల్ ల్యాంపు పక్క నుంచి పడేలా పెట్టుకుంటే ఇంకా స్పష్టం. బ్లేడుని ఆ గీత వెంట దాని బరువుతోనే నడవనివ్వు. నొక్కావంటే అద్దం మీద గీత పడుతుంది, అది ఇక పోదు. మొన మొద్దుబారగానే మార్చేయాలి, పిసినారితనం ఇక్కడ పనికిరాదు. అంత ఓపిక లేకపోతే ఎడ్యువార్డ్ వాళ్లు కోసి పెట్టిన మాస్కులు అమ్ముతారు, నీ కిట్‌కి ఉందేమో చూడు.

ముందు లోపలి కాక్‌పిట్ రంగు, దాని మీద బయటి రంగు. అప్పుడే లోపలి నుంచి చూసినా ఫ్రేములు సరైన రంగులో ఉంటాయి. అతికించడానికి ఫెవికాల్ చాలు, ఆరితే మరక ఉండదు. ఫెవిక్విక్ జోలికి వెళ్లకు. దాని ఆవిరికి అద్దం తెల్లబారిపోతుంది.

బ్రాడీపేట

అక్కా, చాలా థాంక్స్. మచ్చ రుద్దాను, మెట్టు తగలడం లేదు. కానీ స్ప్రే మధ్యలో నీటి చుక్కలు ఉమ్ముతోంది. ప్రెషర్ 35 పెట్టాను.

ఆటోనగర్ షెడ్డు

ఇది నా సబ్జెక్టు! మన గాల్లో తేమ ఎక్కువ, అది కంప్రెసర్ ట్యాంకులో నీరై చేరుతుంది. కింద ఉన్న వాల్వు తిప్పి రోజూ సాయంత్రం నీళ్లు వదిలెయ్యాలి. గన్‌కి ముందు ఒక మాయిశ్చర్ ట్రాప్ (తేమని ఆపే ఫిల్టరు) పెట్టించు.

సత్యనారాయణపురం

35 చాలా ఎక్కువ. 0.3 నాజిల్ అయితే 15 నుంచి 20 పీఎస్ఐ మధ్య ఉంచు. మరీ గట్టిగా కొడితే రంగు దారిలోనే ఆరిపోయి రెక్క మీద గరుకుగా పడుతుంది. వల్లెహోలో స్పిరిట్ కలిపి పల్చన చేయకు, ముద్దవుతుంది. వాళ్ల థిన్నరే వాడు.

బ్రాడీపేట

చివరికి మ్యాట్ వార్నిష్ ఉంది కదా, వాన పడుతున్నా కొట్టేయొచ్చా?

ఆటోనగర్ షెడ్డు

వానలో మేము లాకర్ ముట్టుకోం, తెల్లబారుతుంది. రెండు రోజులు ఆగితే కొంప మునిగేదేం లేదు.

సత్యనారాయణపురం

మ్యాట్ కన్నా ముందు గ్లాసీ (మెరిసే) వార్నిష్ కొట్టు, ఆరాక డెకళ్లు అతికించు. గరుకు మీద నేరుగా పెడితే కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తాయి. డెకళ్లు పూర్తిగా ఆరాకే మ్యాట్. కొట్టేటప్పుడు ఫ్యాను ఆపు, దుమ్ము లేపుతుంది. కిటికీ మాత్రం తెరిచే ఉంచు, ముక్కుకి మాస్కు పెట్టుకో.