నాన్న గొంతుకు ఒప్పందం, సంతకం పెట్టొచ్చా?

మాది పర్లాకిమిడి. నాన్న 40 ఏళ్లుగా బుర్రకథ చెబుతున్నారు. ఆయన గొంతును ఏఐకి నేర్పిస్తామని ఒక విదేశీ కంపెనీ ఇంగ్లిషులో ఒప్పందం పంపింది. 'శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఇకపై పుట్టబోయే ఏ మాధ్యమంలోనైనా' అని 7వ పేజీలో ఉంది. తగువొస్తే సింగపూర్‌లో తేల్చుకోవాలట. డబ్బు మాత్రం ఒక్కసారే.

మన కాపీరైటు చట్టంలో గడువు రాయకపోతే హక్కుల బదిలీ 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. వీళ్లు రెండూ రాసేశారు. 2024లో అరిజిత్ సింగ్ గొంతును ఏఐతో నకలు చేయకుండా బాంబే హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. కానీ ఆయన ఎవరికీ అనుమతి ఇవ్వలేదు కదా, నాన్న సంతకం పెట్టాక ఆ రక్షణ మిగులుతుందా?

రికార్డింగు వాడుకోవడం వేరు, గొంతు నకలు తయారుచేయడం వేరు అని విడగొట్టి రాయించుకోవచ్చా? ఇలాంటివి చూసిన వకీళ్లు బరంపురంలోగానీ విశాఖలోగానీ ఉంటే దయచేసి చెప్పండి. తంబురా పక్కన పెట్టి, కళ్లజోడు తుడుచుకుంటూ నాన్న ఆ కాగితాలే చూస్తున్నారు. సోమవారంలోగా జవాబివ్వాలి.