బీన్ బ్యాగ్ కొందామనుకుంటున్నాం, ఏ సైజు తీసుకోవాలి?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి)

అందరికీ నమస్కారం. మాది డబుల్ బెడ్రూం ఫ్లాటు. హాల్లో సోఫా పక్కన ఒక మూల ఖాళీగా ఉంది. మా బాబు ఏడో తరగతి, అక్కడ బీన్ బ్యాగ్ వేస్తే కూర్చుని చదువుకుంటానంటున్నాడు (చదువు సంగతి దేవుడెరుగు). మావారు ఆరడుగుల మనిషి, ఆయనా వాడతారు. మా అత్తయ్యగారు మాతోనే ఉంటారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఆన్‌లైన్‌లో ట్రిపులెక్సెల్ అని ఒకచోట 700, ఇంకోచోట 2,400. ఎందుకింత తేడా? వాడుతున్నవాళ్లు కాస్త చెప్పరూ.

జవాబు (హనుమకొండ నుంచి)

ఆ 700ది ఉత్త కవరు అయ్యుంటుందమ్మా. ఫొటోలో నిండుగా ఉబ్బిన బ్యాగే పెడతారు, పేరు చివర ఎక్కడో 'వితౌట్ బీన్స్' అని ఉంటుంది. నేనూ చూసుకోకుండా ఆర్డరిచ్చా. పార్శిల్ విప్పితే నాలుగు మడతల రెగ్జిన్ సంచి! ఇంట్లో ఇప్పటికీ దాన్ని ఎత్తిపొడుస్తూనే ఉంటారు.

సైజు అక్షరాలు నమ్మకండి, కంపెనీకో లెక్క. బీన్స్ ఎన్ని కిలోలు వేస్తున్నారో చూడండి. మా ట్రిపులెక్సెల్‌కి రెండున్నర కిలోలు పట్టింది. మీవారు ఆరడుగులంటే అంతకన్నా చిన్నది వద్దు. కూర్చుని వెనక్కి వాలితే తల కూడా ఆనాలి, మెడ గాల్లో తేలకూడదు. బాబుకి పెద్దదైనా ఇబ్బంది లేదు, పెద్దవాళ్లకి చిన్నదైతేనే నడుం పట్టేస్తుంది.

అసలు సుఖమంతా లోపలి గింజల్లో ఉంది. అవి థర్మోకోల్ గుళ్లే, దాదాపు 98 శాతం గాలి. కూర్చోగా కూర్చోగా అణిగిపోతాయి, బ్యాగు చప్పిడి దిండులా అయిపోతుంది. అప్పుడు బ్యాగు పాడైందనుకుని పారేయకండి, ఇంకో కిలో పోస్తే మళ్లీ లేస్తుంది. పాత థర్మోకోల్ నలగ్గొట్టిన తుక్కు నింపి అమ్మేవాళ్లూ ఉన్నారు, అది ఇంకా తొందరగా అణుగుతుంది. కొట్లో కొంటే జిప్పు తీయించి ఓ గుప్పెడు చూడండి. గింజలు గుండ్రంగా, ఒకే సైజులో ఉండాలి, వేళ్లతో నొక్కితే గట్టిగా తగలాలి.

జవాబు (విజయవాడ నుంచి)

రెగ్జిన్ మాత్రం వద్దండీ బాబూ. మే నెలలో బనీనుతో కూర్చుని లేచి చూడండి, వీపు దానికే అతుక్కుని వస్తుంది. పైగా మాది రెండేళ్లకే పొరలు పొరలుగా లేచి నల్ల పొట్టు ఇల్లంతా. కాన్వాసో డెనిమో చూడండి, కానీ లోపల గింజలకి వేరే సంచి ఉన్నదే తీసుకోండి. అది లేకపోతే పై కవరు ఉతకాలన్నప్పుడల్లా గింజలు ఒంపుకోవాలి.

జవాబు (న్యూజెర్సీ నుంచి)

చిన్నపిల్లలు వచ్చిపోయే ఇల్లయితే జిప్పు చూసుకోండి. పిల్లలు జిప్పు తీసుకుని లోపలికి దూరడం, గింజలు ముక్కులోకి పోయి ఊపిరాడకపోవడం ఇక్కడ జరిగాయి. ఇద్దరు పిల్లలు చనిపోయాక 2014లో ఒక్క కంపెనీవే 22 లక్షల బ్యాగులు వెనక్కి పిలిపించారు. అందుకే ఇక్కడ జిప్పు తోకలేకుండా లాక్ అయ్యేలా ఇస్తారు, తీయాలంటే పేపర్ క్లిప్పు దూర్చాలి. మీకొచ్చినదానికి తోక ఉంటే కటింగ్ ప్లేయర్‌తో తీసేసి, జిప్పు చివర నాలుగు కుట్లు వేయండి.

జవాబు (గుంటూరు నుంచి)

అత్తయ్యగారిని దానిలో కూర్చోబెట్టకు అమ్మాయ్. కూర్చోవడం తేలికే, లేవడమే గండం. నేలకి జానెడెత్తు, చెయ్యి ఆనించుకుందామంటే ఎక్కడ నొక్కినా లోపలికే పోతుంది. మా అమ్మ ఒకసారి సరదాపడి కూర్చుంది, ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని లేపాం. ఆవిడకి చేతులున్న కుర్చీయే, మోకాలెత్తుది. ఇంకోటి, దోమల చక్రం, సాంబ్రాణి దాని దరిదాపుల్లో పెట్టకండి. థర్మోకోల్ ఇట్టే అంటుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు

అమ్మో, జిప్పు సంగతి నాకు తట్టనేలేదు, మా ఆడపడుచు పాప మూడేళ్లది. కాన్వాసుది, లోపలి సంచి ఉన్నది చూశాను, గింజలు విడిగా ప్యాకెట్లలో వస్తాయట. నింపడం కష్టమా?

జవాబు (హనుమకొండ నుంచి)

కష్టం కాదు, కంగారు పడకూడదంతే. ఫ్యాను ఆపి, బాత్రూంలో తలుపేసుకుని ఇద్దరు కూర్చోండి. ప్యాకెట్ మూల కోసి, మూతి సంచి జిప్పులోకి దూర్చి, చుట్టూ సెల్లోటేప్ వేశాకే పైకెత్తండి. నేను హాల్లో, ఫ్యాను కింద, కత్తెరతో ప్యాకెట్ బారుగా కోశా. చేతులకీ, జుట్టుకీ, కర్టెన్లకీ అన్నీ అతుక్కున్నాయి. చీపురు వేస్తే ఇంకా ఎగురుతాయి, తడిగుడ్డతో అద్దితేనే వస్తాయి. సంక్రాంతికి ఫ్రిజ్ జరిపితే అక్కడా ఓ దోసెడు.

మొత్తం ఒకేసారి పోయొద్దు. మూడొంతులు నింపి మీవారిని కూర్చోమనండి. మరీ బిగుతుగా ఉంటే బంతి మీద కూర్చున్నట్టు జారిపోతారు, అప్పుడు ఆపేయండి. మిగిలిన గింజలు అటక మీద దాచండి, ఆర్నెల్లకో ఏడాదికో పనికొస్తాయి.

జవాబు (విజయవాడ నుంచి)

కూర్చునే పద్ధతి కూడా ఒకటుంది. 1968లో ఇటలీవాళ్లు మొదట చేసినదే బేరిపండు ఆకారం, పైన సన్నగా ఉండే ఆ భాగం తల ఆనించుకోడానికి. మనవాళ్లు నడిమధ్యలో దబ్బున కూలబడతారు, అది కాస్తా పక్కకి ఒరిగిపోతుంది. సన్నటి కొస వెనక్కి ఉండేలా నిలబెట్టి, ముందువైపు మెల్లగా కూర్చోవాలి. రోజూ ఒకసారి తిరగేసి, పరుపు దులిపినట్టు నాలుగు తట్లు తట్టండి, గింజలు సర్దుకుంటాయి.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అందరికీ. మూడు కిలోల గింజలతో కలిపి ఆర్డరిచ్చేశా, శుక్రవారం వస్తుందట. అత్తయ్యగారికి చెబితే "ఆ మూటలో నేనెందుకు కూర్చుంటానే, నా పడకకుర్చీ నాకుంది" అన్నారు. సెల్లోటేప్ తెమ్మని మావారికి ఇప్పుడే మెసేజ్ పెట్టా.