ఉక్కపోత సాయంత్రాలకు మల్లె, నిమ్మ, జిన్: మీరు ఇంట్లో ఎలా కలుపుతున్నారు?

వాల్తేరు గాలి:
ఆదివారం మేడమీద ఎనిమిది మందిమి కూర్చుంటున్నాం. మన ఊళ్లో ఎండ కన్నా ఉక్కపోతే ప్రాణం తీస్తుంది కాబట్టి ఈసారి బీరు మానేసి, పూల పరిమళం, నిమ్మ పులుపు కలిసిన జిన్ కాక్‌టెయిల్ చేద్దామనుకుంటున్నాను. విదేశాల్లో దీనికి ఎల్డర్ అనే పొద పువ్వులతో చేసిన తియ్యటి మద్యం వాడతారు. దాని ధర మన వల్ల కాదు. బదులుగా మల్లెపూల పాకం పనికొస్తుందా? నిమ్మ మంచిదా, దబ్బ మంచిదా? ముందే కలిపి ఫ్రిజ్‌లో పెట్టవచ్చా? ఎలాంటి గ్లాసుల్లో పోయాలి?

మద్దిలపాలెం మిద్దెతోట:
మల్లె బ్రహ్మాండంగా కుదురుతుంది. మా మేడమీద బొడ్డుమల్లె విరగబూసింది. కప్పు పంచదార, కప్పు నీళ్లు, రెండు గుప్పెళ్ల పూలు కలిపి పది నిమిషాలు మరిగించి వడకడతాను. మా ఇంటికి వచ్చినవాళ్లు రెండో గ్లాసు అడగకుండా వెళ్లరు.

బారు బల్ల వెనుక:
అయ్యా, మల్లెను మరిగించకండి! నేను గోవాలోనూ ఇక్కడా హోటల్ బార్లలో ఏళ్ల తరబడి పనిచేసి చెబుతున్నాను. వేడి తగిలితే ఆ సున్నితమైన పరిమళం ఆవిరితో పాటే పోయి, ఉడికిన ఆకుకూర వాసన మిగులుతుంది. పాకం విడిగా కాచి, పూర్తిగా చల్లారాక పూలు వేయాలి. అవి కూడా సాయంత్రం విచ్చుకునే వేళకు కోసిన మొగ్గలై ఉండాలి. మల్లె కోసిన తర్వాత కూడా గంటల తరబడి పరిమళం వదులుతూనే ఉంటుంది. చైనాలో మల్లె టీ చేసేవాళ్లు తాజా పూలను తేయాకుతో కలిపి రాత్రంతా ఉంచేది అందుకే. తెల్లవారగానే పూలు తీసేయాలి, ఆలస్యమైతే చేదు దిగుతుంది.

మద్దిలపాలెం మిద్దెతోట:
మీరు మా పాకం రుచి చూశారా? చూడకుండా ఆకుకూర వాసన అని ఎలా అంటారు? హోటల్లో పనిచేసినంత మాత్రాన మా వంటింట్లో ఏం జరుగుతుందో మీకు తెలిసిపోదు. పరిమళమే లేకపోతే మా వాళ్లు అంతగా ఎందుకు మెచ్చుకుంటారు?

బారు బల్ల వెనుక:
వాళ్లు మెచ్చుకున్నది పంచదారను, నిమ్మను. పాకాన్ని విడిగా చెంచాడు నాలుక మీద వేసుకుని చూడండి.

సీతమ్మధార అమ్మమ్మ:
ఇద్దరూ శాంతించండి. వేసవిలో మా అమ్మ మంచినీళ్ల కుండలో వట్టివేళ్లూ, నాలుగు మల్లెపూలూ వేసేది. చన్నీళ్లే, పొయ్యి ఊసే లేదు. పొద్దున్న గ్లాసు ఎత్తగానే ముందు ముక్కుకే తెలిసేది. మరిగించడం మా ఇళ్లలో ఎవరికీ తెలియదు.

పూర్ణా మార్కెట్ పక్క వీధి:
మరిగించాలా నానబెట్టాలా అని కొట్టుకుంటున్నారు గాని, పూలు ఎక్కడివో ఒక్కరూ అడగరేం? బజారులో మూరల లెక్కన అమ్మే మల్లెలు తలలో పెట్టుకోవడానికి, తినడానికి కాదు. మల్లెతోటలకు మొగ్గతొలుచు పురుగు పెద్ద బెడద, దానికి పురుగుమందు కొడతారు. ఆ మందు కడిగితే పూర్తిగా పోదు. ఇంటి పూలు లేకపోతే ఈ ఆలోచన మానుకోండి. ఇంకో మాట, పిల్లల చేత పూలు కోయించేవాళ్లు దగ్గరుండి చూడండి. నందివర్ధనం కూడా తెల్లగానే ఉంటుంది, అది తినే పువ్వు కాదు. గన్నేరు అయితే విషమే.

అడవివరం:
ఎవరూ సంపెంగ పేరే ఎత్తలేదు! సింహాచలం సంపెంగ ముందు మల్లె ఎంత? ఒక్క పువ్వు చాలు, సీసా మొత్తం గుబాళిస్తుంది.

గాజువాక నుంచి:
అప్పన్న సన్నిధిలో పెట్టే పువ్వును జిన్‌లో వేస్తారా? మీకు సంపెంగే దొరికిందా?

అడవివరం:
నేను గుడి పూలు తెమ్మనలేదు, మా పెరట్లో చెట్టు ఉంది. తులసి తీర్థంలోనూ వేస్తాం, కషాయంలోనూ వేస్తాం. సరే, మీకు అభ్యంతరమైతే సింహాచలం అనాస తీసుకోండి. నిమ్మతో కలిస్తే అదీ అద్భుతమే.

ఉక్కునగరం:
అసలు సంగతి ఐస్. ఫ్రిజ్‌లో వంజరం ముక్కలు పెట్టి, పక్కనే మూతలేని ట్రేలో ఐస్ చేస్తే ఏ పువ్వు వేసినా చేప వాసనే. మూత ఉన్న డబ్బాలో చేయండి. ముక్కలు పెద్దవిగా ఉంటే నెమ్మదిగా కరుగుతాయి. సన్నగా దంచిన ఐస్ మన ఉక్కకు క్షణాల్లో నీరైపోయి పానీయాన్ని పలచన చేస్తుంది.

బారు బల్ల వెనుక:
ఐస్ విషయంలో నూటికి నూరుపాళ్లూ నిజం. ముందే కలపడం గురించి చెబుతాను. మనిషికి 60 మి.లీ. జిన్, 25 మి.లీ. నిమ్మరసం, 20 మి.లీ. పాకం. ఎనిమిది మందికి 480, 200, 160. షేకర్‌లో గిలకొట్టినప్పుడు ఐస్ కరిగి ఎలాగూ కొంత నీరు చేరుతుంది. జగ్గులో కలిపేటప్పుడు దానికి బదులు 200 మి.లీ. చల్లటి నీళ్లు పోయాలి. జిన్, పాకం, నీళ్లు ముందురోజే కలిపి ఫ్రిజ్‌లో ఉంచవచ్చు. నిమ్మరసం మాత్రం అదే సాయంత్రం పిండాలి. రాత్రి పిండి దాచిన రసంలో తాజాదనం ఉండదు. ఎల్డర్ పువ్వు రుచి కాస్త లీచీకి దగ్గరగా ఉంటుంది, మల్లెతో అది రాదు. రానవసరం కూడా లేదు, మల్లెకు తన అందం తనకుంది.

ఋషికొండ రోడ్డు:
శంఖుపుష్పం మరిచిపోయారు. నాలుగు పూలు వేడినీళ్లలో వేస్తే నీలం దిగుతుంది, నిమ్మరసం తగలగానే ఊదాగా మారుతుంది. అందులోని ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం పులుపుకు రంగు మార్చుకుంటుంది. వాసన ఏమీ ఉండదు గాని, గ్లాసులో రంగు మారుతుంటే పెద్దవాళ్లు కూడా మాటలాపి చూస్తారు.

వాల్తేరు గాలి:
ఇద్దరు మిత్రులు కారు నడపాలి. వాళ్లకు జిన్ లేకుండా ఏమిస్తే బాగుంటుంది?

సీతమ్మధార అమ్మమ్మ:
అదే పాకం, అదే నిమ్మరసం, చిటికెడు ఉప్పు, పైన చల్లటి గోలీ సోడా. వాళ్లను చూసి మిగతావాళ్లు కూడా అదే అడుగుతారు.

మద్దిలపాలెం మిద్దెతోట:
నేను మరిగించే చేస్తాను, మా ఇంట్లో అందరికీ అదే ఇష్టం. దబ్బ గురించి అడిగితే ఒక్కరూ జవాబు చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. రసం నిమ్మదే వాడండి, దబ్బ రసంలో చేదు తగులుతుంది. దబ్బ గొప్పతనం తొక్కలో ఉంది. కింది తెల్లపొర రాకుండా పైతొక్క పలచగా చెక్కి, పంచదారలో నలిపి రెండు మూడు గంటలు మూతపెట్టండి. నూనె దిగి పంచదార తడిగా, పచ్చి వాసనతో నిగనిగలాడుతుంది. పాకం ఆ పంచదారతో కాచండి. దబ్బాకు దొరికితే మజ్జిగలో వేసినట్టే ఒకటి అరచేతుల మధ్య చరిచి గ్లాసులో వేయండి, కత్తితో మాత్రం తరగకండి.