సైటు కొనేముందు పేపర్ నోటీసు: ఎందులో వేయాలి, ఏం రాయాలి, అభ్యంతరం వస్తే ఏం చేయాలి (బెంగళూరు)

సైటు_వెతుకులాట
కె.ఆర్.పురం వైపు 30×40 సైటు మాట్లాడుకున్నాం. టోకెన్ మాత్రమే ఇచ్చాం, అగ్రిమెంటు ఇంకా రాసుకోలేదు. అమ్మేవాళ్లకు అది ఉమ్మడి కుటుంబం నుంచి వచ్చిన భూమి. వాళ్ల పెద్దలు చిత్తూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. మా లాయరు పేపర్ నోటీసు (ఈ సైటు కొంటున్నాం, దీని మీద హక్కున్నవాళ్లు ఉంటే గడువులోగా చెప్పండి అనే ప్రకటన) వేద్దామంటున్నారు. అమ్మేవాళ్లేమో "ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) క్లియర్‌గా ఉంది కదా, పేపర్లో వేసి మా పరువు తీస్తారా" అంటున్నారు. నోటీసు తప్పనిసరా? ఏ పేపర్లో, ఎన్ని రోజుల గడువుతో వేయాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

దస్తావేజు
ప్రైవేటు కొనుగోలుకు పేపర్లో వేయాలని ఏ చట్టమూ చెప్పలేదండి. అయినా తప్పకుండా వేయించండి. ఆస్తి బదలాయింపు చట్టం, 1882 సెక్షన్ 3 ప్రకారం, చేయాల్సిన విచారణ చేసి ఉంటే తెలిసేదేదైనా మీకు తెలిసినట్టే లెక్క. అమ్మేవాళ్లు ఇంతకుముందే ఇంకొకరికి అగ్రిమెంటు రాసిచ్చి ఉంటే, "డబ్బు పూర్తిగా ఇచ్చాను, ఆ సంగతి నాకు తెలియదు" అనే రక్షణ స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 19(బి)లో ఉంది. ఆ రక్షణ నిలవాలంటే మీరు వాకబు చేశారని కోర్టు ముందు చూపించాలి. అలా చూపించే రుజువుల్లో పేపర్ నోటీసు ఒకటి.

దాని బలం అంతవరకే. 15 రోజుల్లో ఎవరూ రాలేదు కాబట్టి ఎవరి హక్కయినా పోయిందని అనుకోకండి. హక్కును బట్టి స్వాధీనం కోరే దావాకు లిమిటేషన్ చట్టం (దావాలకు కాలపరిమితి పెట్టే చట్టం) 12 ఏళ్లు ఇస్తుంది. మీ నోటీసు వల్ల అందులో ఒక్క రోజు కూడా తగ్గదు. "గడువు దాటాక వచ్చిన అభ్యంతరాలు చెల్లవు" అని ప్రతి నోటీసు కిందా ఉంటుంది కదా, అది కొనేవాళ్లు పెట్టుకున్న గడువే. కోర్టుకు దానితో పనిలేదు.

బెంగళూరులో వాడుక ఒక ఇంగ్లిషు దినపత్రిక, ఒక కన్నడ దినపత్రిక. గడువు 7 నుంచి 15 రోజులు ఇస్తారు. ఉమ్మడి కుటుంబ భూమి అంటున్నారు కాబట్టి 15 రోజులకు తగ్గొద్దు.

ఇక ఈసీ సంగతి. అందులో కనిపించేవి ఆ ఆస్తి మీద రిజిస్టరైన దస్తావేజులే. కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు కావేరిలో ఆన్‌లైన్‌గా దొరికేది 1-4-2004 నుంచి. అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించి తీసుకోవాలి. లావాదేవీలు ఉంటే ఫారం 15, ఏమీ లేకపోతే ఫారం 16 ఇస్తారు. రిజిస్టరు కాని అగ్రిమెంటు, నోటిమాట పంపకం, ఆడపిల్లల వాటా, నడుస్తున్న కోర్టు కేసు ఇవేవీ ఈసీలో రావు. వీలునామా రిజిస్టరయినా రాదు. అది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు 3వ పుస్తకంలోకి పోతుంది, ఈసీ తీసేది 1వ పుస్తకం నుంచి. ఒరిజినల్ కాగితాలు బ్యాంకులో పెట్టి తెచ్చుకున్న అప్పు కూడా కనపడకపోవచ్చు. దానికి తాకట్టులు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్ వెబ్‌సైట్‌లో ఫీజు కట్టి విడిగా వెతకాలి. ఆ రిజిస్ట్రీ మొదలైంది 2011లో.

పహాణీ_చదువరి
దస్తావేజు గారు చెప్పిన దానికి తోడు, నోటీసు పనిచేసేదీ పనికిరాకుండా పోయేదీ షెడ్యూల్ (ఆస్తి వివరాలు రాసే భాగం) దగ్గరే. నేను చూసే నోటీసుల్లో సగానికి పైగా ఇలా ఉంటాయి: "ఫలానా లేఅవుట్, సైటు నంబరు 18, 1200 చదరపు అడుగులు". ఆ భూమి మీద హక్కున్న అక్కకో అన్నకో లేఅవుట్ పేరే తెలియదు. వాళ్లకు తెలిసింది ఊరి పేరు, సర్వే నంబరు, తాతపేరు. ఈ మూడూ లేని నోటీసు కళ్ల ముందున్నా వాళ్లకు అది తమ భూమి అని తట్టదు.

షెడ్యూల్‌లో ఇవన్నీ పడేలా చూసుకోండి. గ్రామం, హోబళి (తాలూకాలో ఒక భాగం), తాలూకా. సర్వే నంబరు పాతదీ కొత్తదీ రెండూ. పోడి (సర్వే నంబరును విడగొట్టడం) అయ్యాక 45/2 కాస్తా 45/7 అవుతుంది, కుటుంబంలో పెద్దవాళ్లకు గుర్తుండేది 45/2 మాత్రమే. అందుకని "సర్వే నంబరు 45/7 (పాత నంబరు 45/2)" అని వేయించాలి. భూమి కన్వర్షన్ (వ్యవసాయం నుంచి వ్యవసాయేతరానికి మార్పు) అయి ఉంటే ఆ ఆర్డరు నంబరు, తేదీ. ఖాతా (ఆస్తి పన్ను రికార్డు) నంబరు. తూర్పు పడమరలు ఎన్ని అడుగులు, ఉత్తర దక్షిణాలు ఎన్ని అడుగులు, నాలుగు వైపులా చెక్కుబంది (హద్దులు). అమ్మేవాళ్లకు ఆ ఆస్తి ఎలా వచ్చిందో ఒక వాక్యం, దస్తావేజు నంబరు, సంవత్సరంతో సహా. అమ్మేవాళ్ల పేరు పక్కన తండ్రి పేరు, ఇంటిపేరు. కర్ణాటక కాగితాల్లో మనవాళ్ల ఇంటిపేర్లు తరచు ఎగిరిపోతాయి. చిత్తూరు వైపు బంధువులు గుర్తుపట్టేది ఇంటిపేరుతోనే.

కన్నడ నోటీసును ఇంగ్లిషు దానితో అంకె అంకె పోల్చి చూశాకే పత్రికకు పంపండి. టైపింగులో 45/7 పోయి 47/5 పడితే ఆ నోటీసు మీ భూమికి సంబంధించింది కాదు. మళ్లీ డబ్బు కట్టి వేయించాల్సిందే, గడువూ మొదటి నుంచి లెక్క.

హోస్కోటె_రోడ్
ఎడిషన్ కూడా అడగండి. ఒకే పత్రికకు నగరానికి ఒకటి, జిల్లాలకు ఒకటి విడివిడిగా ఉంటాయి. హోస్కోటె, దేవనహళ్లి, ఆనేకల్ వైపు భూమి అయితే ఆ తాలూకాకు ఏ ఎడిషన్ వెళ్తుందో కనుక్కుని అందులో వేయించాలి. బుకింగ్ ఏజెంట్ చవగ్గా వస్తుందని చెప్పే ఎడిషన్ ఒక్కోసారి ఆ ఊరికి చేరదు.

అమ్మేవాళ్ల బంధువులు చిత్తూరు జిల్లాలో ఉన్నారంటున్నారు కదా, ఆ జిల్లా ఎడిషన్‌లో ఒక తెలుగు దినపత్రికలో మూడో నోటీసు వేయించండి. బ్యాంకు లీగల్ వాళ్లు దాన్ని అడగరు. కానీ అసలు వాటాదార్లకు సంగతి చేరే దారి అదే.

సైటు_వెతుకులాట
అందరికీ ధన్యవాదాలు. అమ్మేవాళ్లను ఒప్పించడం ఎలా? అమ్మేవాళ్లకు ముగ్గురు అక్కచెల్లెళ్లు, పెళ్లిళ్లయి వెళ్లిపోయారు. "వాళ్లతో సాక్షి సంతకాలు పెట్టిస్తాం, నోటీసు వద్దు" అంటున్నారు.

దస్తావేజు
సాక్షి సంతకం చాలదు. సాక్షిగా సంతకం పెట్టినవాళ్లు ఎదుటివాళ్లు సంతకం చేయడం చూశామని చెప్పినట్టే గానీ, లోపల రాసినదంతా తెలుసనీ తమ వాటా వదులుకున్నామనీ కాదు. ముగ్గురినీ సేల్ డీడ్‌లో విక్రేతలుగా చేర్చండి. వాటా డబ్బు ఎవరికెంత ఇచ్చారో చెక్కు నంబరుతో రాయించండి.

ఇది ఎందుకు ముఖ్యమంటే, 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన హిందూ వారసత్వ చట్ట సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకమో, కోర్టు డిక్రీ ద్వారా జరిగిన పంపకమో ఉంటే అది నిలుస్తుంది. "మా అక్కకు పెళ్లిలో ఇచ్చేశాం" అన్న మాట పంపకం కిందికి రాదు.

నాడకచేరి (హోబళి రెవెన్యూ ఆఫీసు) నుంచి వంశవృక్షం తెప్పించండి. అందులో చనిపోయినవాళ్ల పిల్లల పేర్లు కూడా ఉన్నాయో లేదో అడిగి సరిచూడండి. వదిలేసేది సాధారణంగా వాళ్లనే. మైనర్ల వాటా ఉంటే జిల్లా కోర్టు అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. వాళ్లు మేజరయ్యాక మూడేళ్లలోపు అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు.

ఒప్పించడానికి మార్గం అగ్రిమెంటే. "కొనేవారి లాయరు పత్రికా ప్రకటన ఇస్తారు, గడువులోగా సరైన అభ్యంతరం వచ్చి అమ్మేవారు దాన్ని తీర్చలేకపోతే అడ్వాన్సు ఇన్ని రోజుల్లో వాపసు" అని ఒక క్లాజు పెట్టించండి. పరువు విషయానికొస్తే, నోటీసులో ధర ఉండదు, మీ పేరు కూడా ఉండనక్కర్లేదు, "నా క్లయింటు" అంటే చాలు. అంతకీ ఒప్పుకోకపోతే ఆ సైటు వదిలేయమనే నా సలహా.

అనంత_సీమ
అభ్యంతరం వస్తే ఏం చేయాలో కూడా చెప్పండి. వచ్చీరాగానే భయపడి వెనక్కి తగ్గేవాళ్లూ ఉన్నారు, చూసీచూడనట్టు వదిలేసేవాళ్లూ ఉన్నారు.

దస్తావేజు
మొదట మీ లాయరు తిరుగు జవాబులో "మీ హక్కుకు ఆధారమైన కాగితాల నకళ్లు ఇన్ని రోజుల్లో పంపండి" అని అడగాలి. స్పీడ్ పోస్టులో, డెలివరీ రుజువు వచ్చేలా. అదే అభ్యంతరం నకలు అమ్మేవాళ్లకిచ్చి వాళ్ల జవాబు రాతలో తీసుకోండి. ఫోన్లో "వాడేదో డబ్బుల కోసం" అన్న మాట జవాబు కాదు.

అవతలివాళ్లు దావా వేశామంటే కేసు నంబరు అడిగి కోర్టు కేసుల వెబ్‌సైటు ఈ-కోర్ట్స్‌లో చూడండి. పక్షాల పేరుతో కూడా వెతకొచ్చు. పూర్తి పేరు కొడితే దొరకదు, ఒకే వెంకటరమణప్పను ఇంగ్లిషులో నాలుగు రకాలుగా టైపు చేస్తారు. మొదటి నాలుగైదు అక్షరాలు మాత్రం ఇచ్చి, ఏడాది తర్వాత ఏడాది మార్చి చూడాలి. తహసీల్దారు, ఏసీ (అసిస్టెంట్ కమిషనర్), డీసీ (డిప్యూటీ కమిషనర్) దగ్గర నడిచే రెవెన్యూ కేసులు అక్కడ రావు, వాటిని విడిగా వెతకాలి. దావా నడుస్తుండగా కొంటే ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆ తీర్పు మీకూ వర్తిస్తుంది, మీకు తెలిసినా తెలియకపోయినా.

అభ్యంతరం చెప్పేవాళ్ల వైపు కూడా ఒక మాట. ఉత్తరం రాసి ఊరుకుంటే రిజిస్ట్రేషన్ ఆగదు. హక్కు నిజమైతే దావా వేసి ఇంజంక్షన్ (కోర్టు నిషేధ ఉత్తర్వు) తెచ్చుకోవాలి.

పహాణీ_చదువరి
నోటీసుతో అసలు తీరని సంగతులు రెండు. ఎస్సీ, ఎస్టీలకు ప్రభుత్వం మంజూరు చేసిన భూమి అయితే 1978 నాటి పీటీసీఎల్ చట్టం ప్రకారం ప్రభుత్వ ముందస్తు అనుమతి లేని అమ్మకం చెల్లదు. 2023 సవరణతో, అలాంటి భూమి తిరిగి ఇప్పించమని అడగడానికి కాలపరిమితి అడ్డంకి కూడా తీసేశారు. పాత పహాణీలు, మ్యుటేషన్ (పేరు మార్పుల) రిజిస్టరు వెనక్కి వెళ్లి చూసి, మొదట భూమి మంజూరు ద్వారా వచ్చిందా అని తేల్చుకోవాలి.

రెండోది భూసేకరణ. బీడీఏ (బెంగళూరు అభివృద్ధి సంస్థ) చట్టంలో ప్రాథమిక నోటిఫికేషన్ సెక్షన్ 17, తుది నోటిఫికేషన్ సెక్షన్ 19. కేఐఏడీబీ (కర్ణాటక పారిశ్రామిక ప్రాంతాల అభివృద్ధి మండలి) అయితే 28(1), 28(4). ఇవి గెజెట్‌లో వస్తాయి, సర్వే నంబర్ల వారీగా. ఉదాహరణకు బీడీఏ వాళ్ల శివరామ్ కారంత్ లేఅవుట్‌కు ప్రాథమిక నోటిఫికేషన్ 2008లో వచ్చింది. ముందుకు సాగమని సుప్రీంకోర్టు చెప్పింది 2018లో. మధ్యలో పదేళ్లు, దాని కిందికి వచ్చే 17 గ్రామాల్లో సైట్లు చేతులు మారాయి, ఇళ్లూ లేచాయి. "పాత నోటిఫికేషన్, ఎప్పుడో పోయింది" అని బ్రోకరు చెబితే డీనోటిఫికేషన్ కాగితం చూపించమనండి.

ఈ-ఖాతా ఉందని నిశ్చింతగా ఉండొద్దు. 2024 అక్టోబరు నుంచి నగరంలో రిజిస్ట్రేషన్‌కు అది తప్పనిసరి అయింది గానీ, ఖాతా పన్ను లెక్క కోసమే. హక్కు పత్రం కాదు.

మహదేవపుర_అపార్ట్‌మెంట్
ఇదే చర్చలో ఒకటి అడగొచ్చా? మా బ్లాకులో ఒక ఫ్లాటు తలుపుకు బ్యాంకు పొసెషన్ (స్వాధీనం) నోటీసు అంటించారు, పేపర్లోనూ వచ్చింది. ఓనరుకు ఇంకా ఏ దారులున్నాయి? వేలంలో కొనాలనుకునేవాళ్లు ఏం చూసుకోవాలి?

దస్తావేజు
అది సర్ఫేసీ చట్టం (బ్యాంకులు తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్ముకునే చట్టం), 2002 కింద వచ్చేది. ముందు 13(2) కింద 60 రోజుల డిమాండ్ నోటీసు, అది తీరకపోతే 13(4) కింద స్వాధీనం. స్వాధీనం తీసుకున్న 7 రోజుల్లోగా రెండు పత్రికల్లో వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషది. ఓనరుకు అభ్యంతరం ఉంటే 45 రోజుల్లో డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. చాలామంది పొరపడేది అప్పు తీర్చే గడువు దగ్గర. వేలం రోజు దాకా కట్టొచ్చనుకుంటారు. 2016 సవరణ తర్వాత అమ్మకం నోటీసు ప్రచురించే లోపే మొత్తం బాకీ కట్టాలి. ఆ ఓనరుకు ఈ మాట ఇవాళే చెప్పండి.

వేలంలో కొనేవాళ్లు: పాట పాడుకున్న రోజునో మరుసటి పనిదినానికో 25 శాతం కట్టాలి. మిగతా 75 శాతం అమ్మకం ఖరారైన 15 రోజుల్లో. ఆ గడువును రాతపూర్వకంగా పొడిగించుకోవచ్చు గానీ, మొత్తం మీద మూడు నెలలు దాటకూడదు. హోమ్ లోను ముందే మంజూరు చేయించుకోకుండా దిగితే కట్టిన 25 శాతం పోతుంది. అసోసియేషన్ మెయింటెనెన్సు, ఆస్తి పన్ను, కరెంటు బాకీలు ఎవరివో నోటీసులోనే ఉంటుంది, సాధారణంగా కొనేవాళ్ల నెత్తినే.

అనంత_సీమ
ఊళ్లో భూములుండి ఇక్కడ ఉంటున్నవాళ్లకు ఇంకో నోటీసు ముఖ్యం. కోర్టు సమన్లు అందకపోతే సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 5 రూల్ 20 కింద పేపర్లో వేయిస్తారు. ప్రతివాది చివరిసారి ఉన్నట్టు తెలిసిన చోట తిరిగే పత్రికలోనే వేయాలి. దావా వేసిన దాయాది మీ ఊరి చిరునామా ఇస్తే, ప్రకటన అనంతపురం ఎడిషన్‌లో పడుతుంది, మీరు ఇక్కడ బెంగళూరు మారతహళ్లిలో ఉంటారు. మీరు హాజరు కాకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోతుంది.

అలా జరిగితే ఆర్డర్ 9 రూల్ 13 కింద దాన్ని తీసేయమని అడగొచ్చు. గడువు 30 రోజులు. లిమిటేషన్ చట్టం 123వ ఆర్టికల్ వివరణలో, పేపర్ ద్వారా చేసిన సర్వీసును (సమన్ల అందజేతను) సక్రమమైన సర్వీసుగా లెక్కించకూడదని ఉంది. కాబట్టి 30 రోజులూ డిక్రీ సంగతి మీకు తెలిసిన రోజు నుంచి మొదలవుతాయి. ఎలా తెలిసింది, ఏ తేదీన, దానికి కాగితం ఏమిటి అన్నది అఫిడవిట్‌లో స్పష్టంగా ఉండాలి. సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టిన రసీదు జాగ్రత్త చేయండి.

సైటు_వెతుకులాట
చాలా ఉపయోగపడింది. పత్రికలో పడ్డాక కటింగ్ దాచుకుంటే సరిపోతుందా?

హోస్కోటె_రోడ్
కటింగ్ చాలదు. పత్రిక పేరు, తేదీ, ఎడిషన్ కనిపించేలా పేజీ మొత్తం దాచండి. మూడు పత్రికలూ రెండేసి కాపీలు కొనండి, బ్యాంకుకు ఒక సెట్టు ఇవ్వాల్సి వస్తుంది. ప్రకటన బిల్లు కూడా ఫైల్లో పెట్టండి. గడువు ముగిశాక అభ్యంతరాలు రాలేదనో, వచ్చినవి ఇవీ వాటి జవాబులివీ అనో లాయరు దగ్గర లెటర్‌హెడ్ మీద తీసుకోండి. పేపరు ఏళ్లు గడిస్తే పచ్చబడి విరిగిపోతుంది, అందుకని మొదటి వారంలోనే స్కాన్ చేయించండి.