బ్రాయిలర్ మేతలో ఏది పెంచాలి: ఎనర్జీయా, ప్రోటీనా?

దాణాబస్తా: పోయిన బ్యాచ్‌కి స్టార్టర్ మేతలో (పిల్లలకి మొదటి వారాల్లో పెట్టేది) నూనె పెంచి ఎనర్జీని కిలోకి 3200 కిలోకేలరీలు చేశాను. సోయా చెక్క తగ్గించడంతో ప్రోటీన్ 19 శాతానికి దిగింది. బరువు మరీ తక్కువేం రాలేదు కానీ కోడిని కోస్తే కందనకాయ చుట్టూ పసుప్పచ్చ కొవ్వు పిడికెడు! ఈసారి ప్రోటీన్ 25కి తీసుకెళ్దామనుకుంటున్నా. ఎవరైనా చేశారా?

తడి_లిట్టర్: చేశాను, పేరు చూస్తే తెలియట్లేదా. నాలుగో వారంలో కాలితో లిట్టర్ (షెడ్డు నేల మీద పరిచే ఊక) తిరగేస్తే అట్టలు అట్టలుగా లేచింది, వంగి చూడబోతే అమ్మోనియా ఘాటుకి కళ్లమ్మట నీళ్లు. ఎక్కువైన ప్రోటీన్‌ని కోడి దాచుకోలేదు, అందులోని నత్రజనిని యూరిక్ యాసిడ్ చేసి రెట్టలో తెల్లగా వదిలేస్తుంది. ఆ పనికి శక్తి ఖర్చు, పైగా నీళ్లు ఎక్కువ తాగుతుంది. మనం కొన్న సోయా అంతా లిట్టర్ పాలు.

పాతకాపు: ఇద్దరూ ఒకే తప్పు చేశారు, ఒకదాన్ని కదిపి రెండోదాన్ని వదిలేశారు. ఎనర్జీని ప్రోటీన్ శాతంతో భాగించి చూడండి. అమెరికా ఎన్‌ఆర్‌సీ (నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్) 1994 మేత పట్టికలో ఎనర్జీ 3200 దగ్గరే ఉంచి ప్రోటీన్ మొదటి మూడు వారాలకు 23, ఆరో వారం దాకా 20, ఆ తర్వాత 18 ఇచ్చారు. అంటే 139, 160, 178. దాణాబస్తా గారి స్టార్టర్ 168 దగ్గరుంది, కోడిపిల్లకి ఫినిషర్ (చివరి వారాల మేత) పెట్టినట్టే. కండ కట్టడానికి సరుకు చాలకపోతే మిగిలిన శక్తిని కాలేయం కొవ్వుగా మార్చేస్తుంది, అదే మీకు పొట్టలో కనపడింది.

లైసిన్‌లెక్క: 1994 నాటి కోడికీ ఇప్పటి కోడికీ పోలికేంటన్నా? ఎనర్జీ పెంచితే కోడే మేత తగ్గించుకుంటుందనేవారు అప్పట్లో, ఇప్పటి బ్రాయిలర్‌కి ఆ అదుపు బాగా తగ్గింది, పొట్ట పట్టినంత తింటుంది. ఇంకోటి, క్రూడ్ ప్రోటీన్ అంటే నత్రజనిని 6.25తో గుణించిన అంకె, అంతే, అందులో ఏ అమైనో ఆమ్లం (ప్రోటీన్‌ని కట్టే ఇటుక) ఎంతుందో చెప్పదు. మొక్కజొన్న, సోయా మేతలో ముందు కొరతపడే అమైనో ఆమ్లం మెథియోనిన్, తర్వాత లైసిన్, ఆపైన థ్రియోనిన్. ఈ మూడూ విడిగా సరిపడా కలిపితే ప్రోటీన్ ఒకటి రెండు శాతం దించినా పెరుగుదల ఆగదు, లిట్టరూ పొడిగా ఉంటుంది.

పాతకాపు: అంకెలు పాతవే, కాదనను. నువ్వన్నట్టు ఒకటి రెండు శాతం వరకు సరే, ఇంకా దించితే గ్లైసిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం దగ్గర దెబ్బతింటావ్. ఒక్కో యూరిక్ యాసిడ్ అణువు తయారవడానికి ఒక గ్లైసిన్ పోతుంది, త్వరగా పెరిగే పిల్ల సొంతంగా చేసుకునేది చాలదు.

తడి_లిట్టర్: మరి ఎండల్లో? మేత ముట్టవు కదా అని ప్రోటీన్ గట్టిగా దట్టించమంటారు కొందరు.

లైసిన్‌లెక్క: అది మాత్రం వద్దు. మేత అరిగేటప్పుడు ఒంట్లో పుట్టే వేడి ప్రోటీన్‌కి ఎక్కువ, నూనెకి తక్కువ. అసలే నోరు తెరిచి రొప్పుతున్న కోడికి ఇంకా వేడెక్కిస్తావా? శక్తిలో కొంత నూనె నుంచి రానీ, అమైనో ఆమ్లాలు మాత్రం తగ్గించకు.

దాణాబస్తా: సరే, 25 మానేశా. స్టార్టర్‌కి 3050, 22 వేసి చూస్తే 139 దగ్గరికొచ్చింది, లైసిన్, మెథియోనిన్ విడిగా లెక్కేస్తా. సగం షెడ్డుకి ఇది, సగానికి పాత మేత. చివర్లో రెండు వైపులా ఐదేసి కోళ్లు కోసి, కొవ్వు తూచి ఇక్కడే పెడతా.

పాతకాపు: రెండు వైపులా ఒకే రోజు పిల్లలు వేయి, లేకపోతే మళ్లీ ఇక్కడే కొట్టుకుంటాం.